మేకుకు తగిలించిన నొప్పి

పొద్దుగూకే వేళకు బాల్‌సింగ్ గుర్రం దిగి ముందు జీను తీసేవాడు, తర్వాత కళ్లెం తీసేవాడు. ఆ కళ్లెంతో పాటే తన కుడి మోచేతి నొప్పిని కూడా గుడిసె ముందరి గుంజకున్న మేకుకు తగిలించేవాడు. అప్పుడు గానీ చెయ్యి చాచి రొట్టె తుంచుకోలేడు. నర్మెట్ట దాపునున్న ఆ తండాలో ఇది అందరికీ తెలిసిన సంగతే. మేకు పక్కగా ఎవరు పోయినా అతని భార్య రుక్కి పొయ్యి దగ్గర నుంచే కేకేసేది.

"జర పైలం! గది ముట్టకుండ్రి, నొప్పున్నది!"

ఆ నొప్పి దొర గడిలో పుట్టింది. వెట్టికి పిలిపించి ఒక పొగరుబోతు గుర్రాన్ని లొంగదియ్యమన్నారు. అది తల విదిలించినప్పుడు మోచేతి దగ్గర నరం పట్టేసింది, ఇక వదల్లేదు. ఆముదపాకు కట్టాడు, ఉప్పు కాపడం పెట్టాడు. జనగామ దవాఖానలో స్వారీ మానెయ్యమన్నారు. స్వారీ మానేస్తే బాల్‌సింగ్ బాల్‌సింగే కాడు. పైగా దొరల మీద తిరగబడ్డ సంఘం పని నెత్తినేసుకున్నాడు. భూపాలపల్లి అడవుల్లో దెబ్బలు తగిలి పడున్న దళం వాళ్లకు మందులు చేరవేసేది అతనే. అందుకని నొప్పితోనే స్వారీ చెయ్యడం నేర్చుకున్నాడు. రాయి మీద కాలు పెట్టి గుర్రమెక్కేవాడు. పగ్గం ఎడమచేత్తో వదులుగా పట్టి, గుంజకుండా, మోకాళ్లతోనూ మాటతోనూ తిప్పేవాడు.

మేకు మీది నుంచి గానీ, ఒకరి చేతి నుంచి గానీ కళ్లెం ఎవరందుకుంటే ఆ నొప్పి వాళ్లది. కింద పారేస్తే మాత్రం పారేసినవాణ్ని వదిలిపోయేది కాదు. అంత పంతం గల నొప్పి.

ఒకనాటి పొద్దున నిజాం పోలీసులను వెంటేసుకుని జమేదారు తండా మీదికి వచ్చాడు. దారి చూపడానికి గడి నుంచి వెట్టి పెంటయ్యను తెచ్చుకున్నాడు. మందులు మోసే రౌతుకు కుడిచెయ్యి లేవదని ఎవరో ఉప్పందించారు. జమేదారు అందరినీ వరసగా నిలబెట్టి, నీళ్లు నింపిన ఇత్తడి చెంబును కుడిచెయ్యి చాచి ఎత్తమన్నాడు.

బాల్‌సింగ్ ఎత్తాడు. చుక్క తొణకలేదు. జమేదారు మొహం మాడిపోయింది. అప్పుడే మేకు మీది కళ్లెం అతని కంటపడింది.

"గా కళ్లెం తే బే" అన్నాడు పెంటయ్యతో.

రుక్కి కేకేసే లోపే పెంటయ్య దాన్ని అందుకుని, "అవ్వో!" అని మోచెయ్యి పట్టుకున్నాడు. జమేదారు వెంటనే చెంబు తెప్పించి అతని చేతికిచ్చాడు. అది జారి కిందపడింది.

"గడిల తినుకుంటనే సంగపోళ్లకు మందులు మోస్తున్నవా?"

పోలీసులు తాడు తీశారు.

ఊరుకుంటే బాల్‌సింగ్ బయటపడతాడు, అడవికి మందులూ అందుతాయి. కానీ పెంటయ్య మళ్లీ ఇల్లు చేరడు. బాల్‌సింగ్ ముందుకొచ్చాడు.

"జమేదార్ సాబ్, గా కళ్లెం పట్టుకోని ఎట్ల ఎత్తుతడు? ఇటియ్యి పెంటయ్యా. ఇగ ఎత్తు."

పెంటయ్య సునాయాసంగా ఎత్తాడు. జమేదారు బాల్‌సింగ్‌ను ఎగాదిగా చూసి, "నువ్వెత్తు మళ్ల" అన్నాడు. చెంబు జారింది. తాడు బాల్‌సింగ్ వైపు తిరిగింది.

రుక్కి గబగబా వచ్చి మొగుడి చేతిలోంచి కళ్లెం లాక్కుంది. "తడిచేతికి జారింది సాబ్. మళ్ల ఎత్తుమనుండ్రి." అతను ఎత్తాడు. "నాకైతే ఎత్తరాదు, చూడుండ్రి" అని ఆమె అదే చెంబు అందుకుని జారవిడిచింది. ఆమె నుంచి పక్కింటి జాల్యా కళ్లెం అందుకున్నాడు. అతనికీ జారింది. జాల్యా నుంచి ముసలి మోతీ అందుకుంది.

"జొన్నలు దంచి దంచి మా అందరికి గిదే నొప్పి నాయినా" అంది మోతీ.

ఎవరూ ఎవరికీ సైగ చెయ్యలేదు. కల్లంలో గంప చేతులు మారినట్లే కళ్లెం చేతులు మారింది.

"ఏమున్నదే గా కళ్లెంల? ఇటు తే!" జమేదారు కుడిచెయ్యి చాచాడు.

ఇన్నేళ్ల అలవాటు కొద్దీ రుక్కికి "జర పై" దాకా నోట్లోకి వచ్చింది. తాడు వైపు చూసి మిగతాది మింగేసింది.

కళ్లెం అందుకోగానే జమేదారు మోచెయ్యి ఒంటికి అదుముకున్నాడు. చెంబు ఎత్తలేనివాడు దొంగని చెప్పి ఇంతమందిని నిలబెట్టినవాడు, తన మోచెయ్యి నొస్తోందని పోలీసుల ముందు ఎట్లా చెప్తాడు? కళ్లెం దుమ్ములోకి విసిరికొట్టి, "నడువుండ్రి" అన్నాడు.

జమేదారు తన గుర్రమెక్కడానికి ఇద్దరు పోలీసులు పట్టాల్సి వచ్చింది. పగ్గం గుంజగానే పళ్లు బిగబట్టాడు. గుర్రం బెదిరి పక్కకు దూకింది. బాల్‌సింగ్ ప్రాణం ఉసూరుమంది. ఆ జాలి మనిషి మీదో గుర్రం మీదో అతనికే తెలియలేదు. "సాబ్, గుంజకుండ్రి, ఎడమచేత్తో" అనబోతుంటే రుక్కి అతని కాలు తొక్కింది.

వాళ్లు కనుమరుగయ్యారు. పెంటయ్య మాత్రం వాళ్ల వెంట పోలేదు. దుమ్ములో పడున్న కళ్లెం తీసి దులిపాడు. తోలూ ఇనుమూ తప్ప అందులో ఇప్పుడేమీ లేదు.

"బాల్‌సింగన్నా, ఇగ గడికి పోను. గా మందులు నేను గూడ మోస్త. స్వారీ నేర్పుతవా?"

బాల్‌సింగ్ గుర్రానికి కళ్లెం తొడిగి, పగ్గం పెంటయ్య చేతిలో పెట్టి, "ముందుగాల గుంజుడు బందువెట్టు" అన్నాడు.

పొయ్యి దగ్గర నుంచి రుక్కి ఈసారి కేకెయ్యలేదు.