కింద పడితే వారంటీ ఉంటుందా

అంట్లు తోముతూ వారం రోజులు మనసులో వల్లెవేసుకున్న ప్రశ్నలు లాప్‌టాప్‌ల షాపు మెట్లెక్కేసరికి చెల్లాచెదురైపోయాయి. కాగితం మీద రాసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది. ఆ ఇంట్లో కాగితాలకు కాళ్ళుంటాయి. ఎక్కడ దాచినా నడిచి వెళ్ళి భర్త చేతికే చేరతాయి.

ఆమె ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఒక ఇంజనీరు పంపే కొలతలతో, భోజనాల బల్ల మీద ఓ మూల, వంటకీ వంటకీ మధ్య. "ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నీ గీస్తుంది, మా ఇల్లు మాత్రం సర్దదు," అంటాడు భర్త నలుగురిలో. నలుగురూ నవ్వుతారు, తనూ నవ్వుతుంది. "వాడి కోపం పాలపొంగు తల్లీ, నువ్వే పొయ్యి దగ్గరుండి చూసుకోవాలి," అంటుంది అత్తగారు. ఆ పొంగులో ఇప్పటికి రెండు లాప్‌టాప్‌లు పోయాయి. ఒకటి గోడకు తగిలింది. రెండోదాని మీద టీ ఒలికింది. ఒలకలేదు, ఆయన నింపాదిగా పోశాడు. బాగుచేసే అతనితో రెండుసార్లూ ఆమె ఒకే మాట చెప్పింది: "చెయ్యి జారిందండీ."

"ఏ పనికి కావాలమ్మా?" అంది కౌంటరు దగ్గరి నడివయసు ఆవిడ.

పని మాట వినగానే గొంతు పెగిలింది. ప్లాన్లకి ర్యామ్ పదహారు సరిపోతుందా, తర్వాత పెంచుకోవచ్చా? గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉందా? కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు ఆగుతుంది? అడుగుతున్నకొద్దీ నడుం నిటారైంది. అంతలో ఫోను మోగింది. భర్త.

"ఎక్కడున్నావ్?"

"కూరగాయల దగ్గర."

"చప్పుడేం లేదే?"

"ఎండకి జనం లేరు."

"పది నిమిషాల్లో ఇంట్లో ఉండు," అని పెట్టేశాడు. ఫోను కౌంటరు మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"కింద పడితే వారంటీ ఉంటుందా?"

"మామూలు వారంటీలో ఉండదు. ప్రమాదాలకి వేరే మూడేళ్ళ ప్లాన్ ఉంది. పడినా, ఏదైనా ఒలికినా బాగుచేస్తారు, ఏడాదికోసారి."

"రెండోసారి పడితే?"

ఆవిడ తలెత్తి చూసింది.

"ఎవరైనా... కావాలని పడేస్తే?"

ఆవిడ చేతిలోని కలం బల్ల మీద పెట్టింది. "అది ప్రమాదం కాదు కదమ్మా. దాన్ని ఏ కంపెనీ కాయదు," అంది నెమ్మదిగా. ఫారం ముందుకు జరిపింది. "మూడేళ్ళూ మెకానిక్ ఇంటికే వస్తాడు. అడ్రస్ చెప్పండి."

పన్నెండేళ్ళుగా ఉంటున్న ఇంటి నంబరు నాలుక చివర దాకా వచ్చి ఆగిపోయింది. ఈ కొత్త పెట్టె ఆ గుమ్మం దాటాక ఎన్నాళ్ళుంటుంది? వారమా? మొదటి గొడవ దాకానా? గోడమీద గడియారం చూసింది. ఆయనిచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి. ఫోను మళ్ళీ మోగుతోంది, ఆయనే. మోగనిచ్చింది. ఆగాక అక్కకి చేసింది.

"అక్కా, మీ మేడ మీద గది ఖాళీగానే ఉందా? ఒక బల్ల పడుతుందా?"

"పడుతుంది. బల్లకేనా?" అంది అక్క.

బల్ల మీది కలం అందుకుంది.

"నాక్కూడా."