పిట్ట పట్టిన సందు

మేస్త్రి పెరటి గోడలో పిట్ట కాపురం పెట్టిందని పక్కింటి టైలరమ్మ కుళాయి దగ్గర అందట. "చీమ కూడా దూరదన్నాడుగా, పిట్టెలా దూరిందో మరి!" అని బిందె నిండేదాకా నవ్విందట. పొద్దున్నే ఆ మాటల్ని నీళ్లతోపాటు మోసుకొచ్చి అన్న కంచం ముందు దించింది మేస్త్రి చెల్లెలు.

మేస్త్రికి ముద్ద దిగలేదు. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, సందుల్లో రాతిముక్కలు బిగించి గోడ కట్టడంలో ఆయనకు పేరు. కొండమీద లాడ్జి కడుతున్న ఆసామి భార్య ఆ సాయంత్రమే పెరటి గోడ చూడ్డానికి వస్తోంది. నచ్చితే లాడ్జి చుట్టూ గోడంతా ఆయన చేతికే.

వెళ్లి చూస్తే నిజమే. మూలన పిడికిలి పట్టేంత సందు. దాని మీద పలకరాయి చూరులా ముందుకొచ్చి ఉంది. లోపల్నుంచి ఒక రాతిపిచ్చుక, ముళ్లతుప్పల్లో గింజలేరుకుని బతికే పిట్ట, బూడిదరంగు తల మీద కాటుక గీతలతో, ఇంటి ఓనరు అద్దెవాణ్ణి చూసినట్టు చూసింది.

"ఈ మూల నేను కట్టలేదు," అన్నాడు మేస్త్రి. "మీ వదినే కట్టింది. ఆ రోజు నాకు నడుం పట్టేసింది."

"బాగుందన్నయ్యా! గోడ నీది, చిల్లు వదినది."

మేస్త్రి రాతిముక్క అందుకున్నాడు.

"గుడ్లున్నాయి," అంది వెనకే నిలబడి అంతా వింటున్న భార్య. "ముట్టుకో చెప్తా."

సాయంత్రం లాడ్జి ఆవిడ వచ్చేసరికి మేస్త్రి ఆ మూలకి అడ్డంగా నిలబడి ఆకాశం గురించి మాట్లాడుతున్నాడు. పిట్ట ఆయన చెవి పక్కనుంచి దూసుకుపోయి తుప్ప మీద వాలింది. ఆవిడ వంగి చూసింది.

"అబ్బ, గోడలోనే పిట్టకు గూడు! మా గోడక్కూడా ఇలా పెట్టగలరా?"

మేస్త్రి ఛాతీ పొంగింది. "కావాలనే వదిలానమ్మా. అందరివల్లా అయ్యే పని కాదు."

చెల్లెలికి పొలమారింది.

"అయితే పని మీకే. వాన నీళ్లు గూట్లోకి పోకుండా ఏం చేశారు?"

మేస్త్రి గోడ వంక చూశాడు. తుప్ప వంక చూశాడు. చివరికి భార్య వంక చూశాడు.

"నన్ను చూస్తావేం? పొద్దున ఆ మూల నీ పెళ్లామే కట్టిందన్నావుగా. బేరం నాతో మాట్లాడమను."