నన్ను తుడిచేశారట!

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడేంత నల్లటి డబ్బాను. పుట్టుకతోనే పిరికిదాన్ని. లోపల పళ్లెం గిర్రున తిరుగుతుండగా కిందపడ్డానంటే నా పని సరి. అందుకే పట్టుకున్నవాడి చేయి కాస్త వణికినా నా పై ప్రాణాలు పైనే పోతాయి. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో పడుకుని ప్రయాణం చేసి, చివరికి హైదరాబాదులో కారుచిచ్చు గేమ్స్ అనే కంపెనీ చేతిలో పడ్డాను.

దాని ఓనరు జగదీశ్వర్. వీడియో గేములు చేయించి అమ్మేవాడు. చేసినవన్నీ చప్పగా చల్లారిపోతుంటే ఆయనకో మహత్తరమైన ఆలోచన తట్టింది. "మంచి ఆట ఎవడికి కావాలయ్యా? జనం తిట్టాలి. టీవీల్లో అరుచుకోవాలి. అప్పుడు చూడు అమ్మకాలు!" అన్నాడు. మనుషులు దేన్ని తిడతారో దాన్నే ఎగబడి కొంటారట. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు, అదీ నా ఖర్మ.

అలా తయారైంది 'బాణామతి' అనే ఆట. ఆడేవాడు ఊరి గుంపులో ఒకడు. చేతబడి చేసిందని ఒక ఆడమనిషి మీద నింద వేసి, వెంటాడి, పట్టుకుని నిప్పంటిస్తే గెలిచినట్టు. ఆ ఆడమనిషికి ఒక ముఖం కావాలి కదా! ఆఫీసులో బొమ్మలకు రంగులు వేసే వినీలను పిలిచి, "గ్రామదేవత బొమ్మకు నీ ముఖం కొలతలు కావాలి తల్లీ, కాసేపు కదలకుండా కూర్చో" అన్నారు. దేవత అనేసరికి ఆ పిచ్చిపిల్ల తలస్నానం చేసి, ఇంత బొట్టు పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఆ ముఖాన్ని బొట్టుతో సహా తెచ్చి నాలో పడేశారు.

జగదీశ్వర్ కోరుకున్నట్టే జనం తిట్టారు. కోరుకున్నదానికంటే బాగా తిట్టారు. కేసులు పడ్డాయి, ఆట ఆపించారు, కంపెనీ దివాలా తీసింది. ఈలోగా వినీల ఉండే గల్లీలో కుర్రాళ్లు ఆమెను గుర్తుపట్టారు. మొదట నవ్వులాటకే, "అంటించండ్రా!" అని ఆటలోని కేక వేసేవాళ్లు. తర్వాత అక్కడ ఒక పసిబిడ్డకు జ్వరం వచ్చి ఎంతకీ తగ్గలేదు. ఆ బిడ్డ నాయనమ్మ వినీలను చూడగానే తలుపు మూసుకుంది. ఒకరోజు పొద్దున్నే వినీల గుమ్మం నిండా కిరోసిన్ వాసన. ఆమె తల్లిని తీసుకుని ఇల్లు మారిపోయింది.

ఇదంతా నేను ఆమె నోటనే విన్నాను. కంపెనీ సామాను అమ్మడానికి కోర్టు ఒక అధికారిని నియమించింది, వరదాచార్యులు గారని. ఆయన ముందు నిలబడి వినీల చేతులు జోడించింది.

"ఎవరన్న కొంటే ఆ ఆటను మళ్లా అమ్ముతరు సార్. అసలు కాపీ ఇదొక్కటే మిగిలింది. నన్ను బతకనియ్యరు. దీన్ని తుడిచేయించండి."

ఆమె వేలు నావైపే ఉంది. తుడిచేయడమంటే మా జాతికి చావే. నాలో ఉన్నదంతా పోయాక ఇక నేనేమిటి?

ఆచార్యులు గారు మంచి మనిషి. "తప్పకుండా తుడిపిస్తానమ్మా. ఖాళీ డిస్కుగానే అమ్ముతాం" అని మాట ఇచ్చారు.

తీరా నాలో ఉన్నది చెరిపేయడానికి కంప్యూటర్ మనిషి రావలసిన రోజున ఆయన కోర్టులో చిక్కుకుపోయారు. వాచ్‌మన్ మల్లేశానికి ఫోన్ చేసి, "టేబుల్ మీద నల్ల డిస్కు ఉంది, దాన్ని తుడిచేయమని చెప్పు" అన్నారు. ఎవరికి చెప్పాలో ఆయన అనలేదు, మల్లేశం అడగలేదు. ఆఫీసు ఊడ్చి తుడిచే మనిషి ఎదురుగానే ఉంది మరి!

"బాలమణీ, సారు ఆ నల్లడబ్బా తుడువమంటుండు. జర మంచిగ తుడువు."

బాలమణి తడిగుడ్డ పిండి, నన్ను మూలమూలలా తుడిచి, కొంగుతో తడి ఒత్తింది. ఇంతేనా! బతుకు జీవుడా అనుకున్నాను. చెప్పొద్దూ, పట్టరాని సంతోషం వేసింది నాకు. ఆ తర్వాత వచ్చిన కంప్యూటర్ మనిషిని, "తుడుచుడు అయిపోయింది" అని మల్లేశం గుమ్మం దగ్గరే పంపేశాడు.

సాయంత్రం ఆచార్యులు గారు ఫోన్‌లో అడిగారు. "తుడిచేసినం సార్, అద్దం లెక్క మెరుస్తున్నది" అన్నాడు మల్లేశం.

మర్నాడు వినీల వచ్చింది. "తుడిచేశారమ్మా, ఇక నిశ్చింతగా ఉండు" అన్నారాయన. ఆమె ఏడ్చి, ఆ ఏడుపులోనే నవ్వింది. "ఇగ పాత ఇంటికే పోతం సార్. అమ్మకు ఆ గల్లీ అంటేనే ప్రాణం" అంది. నా సంతోషం అక్కడే ఆవిరైపోయింది. పోవద్దు తల్లీ, నీ ముఖం నాలో చెక్కు చెదరకుండా ఉంది, అని అరవాలనిపించింది. నాకు నోరేదీ?

పాత కీబోర్డులతో కలిపి నన్ను కోఠీలో ఒక సెకండ్‌హ్యాండ్ దుకాణానికి అమ్మేశారు. దుకాణదారు పనిచేస్తున్నానో లేదో చూద్దామని తగిలించాడు. చుట్టూ నలుగురు కుర్రాళ్లు మూగారు.

"అరె, బాణామతి! ఇది దొరకదంటిరి కదనే!"

ఆగిపోవాలని చూశాను. చెడిపోవాలని చూశాను. జీవితమంతా దేనికి వణికానో దానికోసమే మొక్కుకున్నాను. కానీ పళ్లెం హాయిగా తిరుగుతూనే ఉంది. తెర మీద బొట్టుతో సహా ఆ ముఖం వచ్చింది. అందరూ ఈలలు వేశారు. ఒక్కడు మాత్రం ముందుకు వంగి చూశాడు.

"ఈమె మా గల్లీలనే ఉంటుండె అన్నా. నిన్ననే మళ్లా వచ్చింది."

ఈలలు ఆగిపోయాయి.

"ఏ ఇల్లు?" అన్నాడు పక్కవాడు.