పది లక్షల తొమ్మిది

ఆదోనిలో ఒక హైస్కూల్లో జయరాజు లెక్కల మాస్టారు. ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు బోర్డు మీద 10,00,009 అని రాసి, ఇది ప్రధాన సంఖ్య, ఒకటీ తనూ తప్ప దీన్ని ఇంకేదీ భాగించదు అని చెప్పేవాడు. కాలేజీ రోజుల్లో వందలోపు ప్రధాన సంఖ్యలు ఇరవై అయిదింటితోనూ భాగించి చూశాడు. దేనితోనూ పోలేదు. వెయ్యి దాకా చూడాలని తెలుసు కానీ ఓపిక లేక ఆపేశాడు.

ఎమ్మిగనూరులో మగ్గం నేసే వీరభద్రప్ప ఆయనకు బడి స్నేహితుడు. లెక్కల్లో జయరాజు కంటే చురుకు. తండ్రి మంచాన పడితే పదితోనే చదువు మానేశాడు. ఒక పెళ్లిలో జయరాజు ఆ సంఖ్య గురించి గొప్పగా చెబితే విని, ఇంటికెళ్లాక తనూ దాన్ని భాగించి చూడటం మొదలుపెట్టాడు.

ఆ ఏడు గణిత దినోత్సవం నాడు నేత ఆపి, బస్సెక్కి ఆదోని వచ్చాడు. లెక్కలు చేసిన నోటుపుస్తకం పట్టుకుని నేరుగా స్టాఫ్‌రూములోకి వెళ్లాడు.

"జయరాజూ, నీ సంఖ్య తెగిందప్పా! ఈ పుస్తకం సూడు."

తోటి మాస్టర్లంతా తలలు తిప్పారు. జయరాజుకు తల కొట్టేసినట్టయింది. పుస్తకం తెరవలేదు.

"పోగులు లెక్కబెట్టేటోనికి ఇవన్నీ యాల? పోయి మగ్గం సూసుకోపో."

అందరూ నవ్వారు. వీరభద్రప్ప పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్లకు, కొత్తగా వచ్చిన అరుణకుమారి టీచరు కంప్యూటర్లో చూసి, "సార్, ఇది 293తో పోతుంది" అంది. జయరాజు అక్కడే కాగితం తీసి 293ని 3413తో గుణించాడు. సరిగ్గా పది లక్షల తొమ్మిది.

ఆ ఆదివారమే ఎమ్మిగనూరు వెళ్లాడు.

"రెన్నూట తొంబై మూడు" అన్నాడు గడపలో నిలబడే. వీరభద్రప్ప నేత ఆపాడు.

"అరవై రెండో భాగారం అది. రెండు కాడినుంచి ప్రధాన సంఖ్యలన్నిటితో వరసగా చేసుకుంటా పోయినా. శేషం సున్నా వచ్చినపొద్దు అన్నం గూడా తినలేదు. ముందు నీకే సెప్పాలనుకుంటి."

"మరి నాతో కొట్లాడలేదేమప్పా?"

"లెక్క తప్పంటే కొట్లాడేటోన్ని. నువ్వు సూడనేలేదు గదా."

జయరాజు తల వంచుకున్నాడు. "తప్పు నాదే. ఆ పుస్తకం ఇయ్యి, పిల్లలకు సూపిస్తా."

లోపలినుంచి వీరభద్రప్ప భార్య తాయమ్మ అంది: "యాడిది సార్? ఆపొద్దు బస్సు దిగొచ్చి పొయిలో పెట్టినాడు. అదొకటే గాదు, పదకొండు పుస్తకాలు."

"వాటిల్లో ఏముండె?" జయరాజు వీరభద్రప్పను అడిగాడు.

"ఇంతకన్నా పెద్ద లెక్కొకటి ఉండె. దారి దొరికేటట్టే ఉండె. ఇప్పుడు గుర్తు లేదు."

"మల్లా మొదలుపెట్టు."

"రాదప్పా. కాగితం ముందర కూసుంటే మీ నవ్వే ఇనపడతాది."

మర్నాడు జయరాజు క్లాసులో తన తప్పు ఒప్పుకుని, బోర్డు మీద వీరభద్రప్ప పేరు రాశాడు. బడికి వచ్చి పిల్లలతో మాట్లాడమని రెండుసార్లు కబురు పెట్టాడు. పని ఉందని అతను రాలేదు. ఇప్పటికీ కలిస్తే టీ తాగుతారు, నూలు గురించీ వానల గురించీ మాట్లాడుకుంటారు. అంకెల మాట వీరభద్రప్ప ఎత్తడు. ఎత్తే ధైర్యం జయరాజుకు లేదు.