భూమేష్ గుండెలో జాగ

సాయంత్రం బీడీలు చుట్టడం అయిపోగానే కంఠేశ్వర్ గుడి వెనుక గల్లీలోని ఆడవాళ్ళు చాటలు దులుపుకొని భూమేష్ దగ్గరికి వచ్చేవారు. అతడు గడప మీద కూర్చుని ఉండేవాడు. ఒక్కొక్కరే అతని రొమ్ము మీద అరచెయ్యి ఆనించి, ఆనాటి అలుపు లోపల పెట్టి, బియ్యం కడగడానికి పోయేవారు.

జాగ ఉండబట్టే పెట్టేవారు. ఏళ్ళ తరబడి బోధన్ రోడ్డు మీద చెరకు తోటల పక్కన పరుగెత్తి పరుగెత్తి అతని గుండెలో ఎడమ గది వెడల్పయింది. ఒక్క దెబ్బకే బోలెడు నెత్తురు తోసేది గనుక తొందరపడేది కాదు. మన గుండె రెండుసార్లు కొట్టుకునేలోపు దానికి ఒకసారి చాలు. పిక్కల్లో సన్న నాళాలు పిల్లకాలువల్లా కొత్తగా పుట్టుకొచ్చాయి. కాలువ అంటే గుర్తొచ్చింది, ఏ ఆయకట్టులోనైనా చివరి మడికి నీళ్ళందడం గగనమే; ఇతని ఒంట్లో మాత్రం అందేవి. పొద్దున్నే పరుగెత్తి వస్తే గల్లీ అలుపంతా చెమటై పోయేది.

ఈసారి హైదరాబాద్‌లో పరుగు పోటీల సెలక్షన్‌కు పోయి భూమేష్ ఓడి వచ్చాడు. వయసును బట్టి చూస్తే అదే ఆఖరు అవకాశం.

"ఇగ ఉరుకుడు బంద్ జేస్తున్న, అవ్వా," అన్నాడు తల్లి భీమవ్వతో.

"డాక్టరేమన్నడు?"

"బంద్ జేస్తే గుండె మెల్లగ మామూలుగైతదట. అందరి లెక్కనే."

మాట గల్లీలో పాకింది. పక్కింటి సత్తవ్వ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"ఏం తమ్మీ, అర్ర ఖాళీ చెయ్యమంటున్నవట? కిరాయి అడుగుతే ఇయ్యకపోదుమా?"

"కిరాయి కాదక్కా. నాదే నాకు మోసుడైతలేదు."

సత్తవ్వ తన అలుపు తాను మోసుకొని వెళ్ళిపోయింది. తర్వాత ఎవరూ రాలేదు. భూమేష్ ఎండెక్కేదాకా పడుకునేవాడు. గుండెలో గది గోడలు దగ్గరికి జరుగుతున్నట్టు తెలుస్తూనే ఉంది. హాయిగానే ఉంది.

ఒక మధ్యాహ్నం భీమవ్వ చాట పక్కన పెట్టి కొడుకు ఎదురుగా కూలబడింది. తంబాకు దుమ్ముకు ఆమె ఊపిరిలో పిల్లికూతలు.

"ఇంకింత జాగ ఉన్నదారా?"

"ఎవలికి?"

"నాకే. ఇన్నేండ్లు అందరు పెట్టిండ్రు. తల్లినైతిని, నాదేం పెడుదునని ఊకున్న."

భూమేష్ ఆమె చెయ్యి తానే తీసుకొని రొమ్ముకు ఆనించుకున్నాడు.

అలుపు దిగసాగింది. నిన్నటిది, మొగుడు పోయిననాటిది, భూమేష్‌ను కన్ననాటిది, మొదటి బీడీ చుట్టిననాటిది. గోడలు వెనక్కి జరగవలసి వచ్చింది. పొద్దు వాలేవేళకు ఆమె చెయ్యి జారి, కూత లేని ఊపిరితో అక్కడే నిద్రపోయింది. భూమేష్ లేవబోతే కాళ్ళు సహకరించలేదు. ఇది ఒక్క పొద్దులో చెమటయ్యేది కాదు.

తెల్లవారి బోధన్ రోడ్డు మీద పాలబండి అతను హారన్ కొట్టాడు.

"ఏందన్నా, మల్ల మొదలువెట్టినవ్? సెలక్షనున్నదా?"

"లేదు," అన్నాడు భూమేష్, ఊపిరి చాలక. "మా అవ్వ అలుపున్నది లోపల."