నర్సింగమ్మ బాయి మోటరు

నల్గొండ నూనెమిల్లులో మోటర్లు చూసుకునే సిద్దిరాములుకు ఆ ఏడు పెద్ద చిక్కు వచ్చిపడింది. లైసెన్సు లేనివాళ్లు ఇకమీదట కరెంటు పని ముట్టకూడదన్నారు. రామన్నపేటలో మగ్గం వదిలి వచ్చిన మనిషి, ఈ పని పోతే దిక్కులేదు. లైసెన్సు పరీక్షకు పుస్తకమైతే చదివాడు గానీ, మోటరును పరీక్షించడం తన చేత్తో ఎన్నడూ చేయలేదు. మిల్లు మోటరు మీద నేర్చుకుంటానని సేటును అడిగాడు.

"నడిచే మోటరు ఆపి నీకియ్యాల్నా? ఇది మిల్లా, బడా?" అన్నాడు సేటు.

బర్రెలకు గానుగపిండి కొనడానికి వచ్చిన నర్సింగమ్మ ఆ మాట విన్నది. ఆమెది పక్కనున్న పానగల్. మొగుడు పోయినాక తనే సేద్యం చేస్తూ, పోయినేడే బావికి మోటరు పెట్టించుకున్నది.

"మా బాయికాడ మోటరు ఊకెనే ఉన్నది బిడ్డా. వానలు పడ్డయి, దానితోని పనిలేదు. వచ్చి నేర్సుకో."

ఆదివారం పొద్దున్నే వెళ్లాడు. బెల్టు విప్పి, మోటరును ఖాళీగా తిప్పి, మూడు తీగల్లో కరెంటు కొలిచాడు. మూడూ సమానంగా ఉన్నాయి. ఆ సంబరంలో రెండో పరీక్షకు దిగాడు. మోటరు తిరగకుండా పుల్లీకి మోటు కట్టె అడ్డం పెట్టి స్విచ్చి వేశాడు. మోటరు బర్రున మూలిగింది. మాడువాసన వచ్చింది. ఫ్యూజు ఢామ్మని పోయింది.

నర్సింగమ్మ మరిది గాలయ్య ఉరికొచ్చాడు. "అయిపాయె! కాలవెట్టిండు!"

"కాలితె నా మోటరు కాలింది. నువ్వు లొల్లి చెయ్యకు గాలయ్యా," అన్నది నర్సింగమ్మ.

మోటరు చల్లారాక సిద్దిరాములు లోపలి తీగచుట్టలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఏదీ కాలలేదు. ఫ్యూజు మార్చి నడిపిస్తే గిర్రున తిరిగింది. పుస్తకం మళ్లీ తెరిస్తే తెలిసింది: ఇరుసును బిగబట్టినప్పుడు వోల్టేజి బాగా తగ్గించి, కొద్దికొద్దిగా పెంచాలట. ఆ ముక్క చదవకుండా దాటిపోయాడు.

"ఇగ రానమ్మా. నిన్ను ఆగం చేస్తుంటి."

"రాకుంటె ఎట్ల వస్తది ఇద్య? తప్పేందో తెలిసింది గద. వచ్చే ఐతారం జర పొద్దుగాల రా. ముందుగాల గీ జొన్నగటుక తాగు."

ఆమె ఆ మాట అనకపోతే అతను మళ్లీ ఆ బావి మొహం చూసేవాడు కాదు. చలికాలం దాకా ప్రతి ఆదివారం వెళ్లి నేర్చుకున్నాడు.

పరీక్ష హైదరాబాదులో. బల్లమీద ఇరుసు బిగించిన మోటరు ఉంది. సిద్దిరాములు స్విచ్చి ముట్టకముందే వోల్టేజి పిడిని సున్నాకు తిప్పాడు.

"ఎందుకు తిప్పావు?" అడిగాడు పరీక్షాధికారి.

"పూరా వోల్టేజి ఇస్తె ఫ్యూజు పోతది సార్. ఒకపారి పోగొట్టిన, పానగల్ల ఒకామె బావికాడ."

"ఆమె ఊరుకుందా?"

"మల్ల రమ్మన్నది సార్."

అధికారి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "సరే, కానివ్వు."

పిడి కొద్దికొద్దిగా తిప్పుతుంటే మీటరు సూది మెల్లగా లేచింది. మోటరు మీద రాసి ఉన్నంత కరెంటు రాగానే పిడి ఆపి, లెక్కలు రాసిచ్చాడు.

లైసెన్సు చేతికొచ్చిన రోజే పానగల్ బస్సెక్కాడు. నర్సింగమ్మ పొలంలో నాట్లు వేయిస్తున్నది. సిద్దిరాములు చెప్పులతోనే బురదలోకి దిగాడు.

"పాసైనమ్మా!" అంటూ వంగి, నీళ్లలో వెతికి ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"లే బిడ్డా, కొత్త అంగి కరాబైతాంది," అంటూనే ఆమె నాటేసే ఆడవాళ్ల వైపు తిరిగి గట్టిగా అరిచింది. "ఓ ఈదమ్మా! ఇన్నవా? మా మోటరు మీదనే నేర్సుకున్నడు ఈ పిల్లగాడు!"