గురమ్మ మొయ్యని ఘటం

ఎనిమిదింటి మాత్ర గంజినీళ్లతో మింగి, గురమ్మ మళ్లీ ఘటానికి పసుపు రాయసాగింది. చేపలమ్ముకునే ఆమె వేళ్లు ఉప్పునీళ్లకు పగిలి, పసుపు తగిలి మండుతున్నాయి. పదకొండేళ్లుగా గంగమ్మ పండుగకు అత్తింటివారి ఘటం ఆమె నెత్తి మీదే గుడికి వెళుతోంది. గుజరాత్ బోట్ల మీద వేటకెళ్లిన మొగుడు లక్ష్ముడు ఎయిడ్స్‌తో తిరిగొచ్చి, హుద్‌హుద్ తుఫాను ఏడాది పోయాడు. అతనిదేం జబ్బో ఊరికి తెలుసు. ఆమెకూ ఉందని మాత్రం ఊరికి నాలుగు రోజుల క్రితమే తెలిసింది.

గుమ్మం ముందు అడుగులు ఆగాయి. కులపెద్ద ఎర్రన్న, లక్ష్ముడికి పెదనాన్న కొడుకు. వెనక అతని కోడలు హేమ, తలంటుకుని, కొత్త చీరలో.

"ఘటం కిందెట్టీ, గురమ్మా. నీ ఒంట్లో ఆ రోగం ఉన్నాదంట. అమ్మోరికి మైల. ఈయేడు మా కోడలు మోస్తాది."

గురమ్మ లేవలేదు. "రోగం తెచ్చింది నీ తమ్ముడు, బావా. ఆడి పాడె నువ్వే మోసినావు. అప్పుడు లేని మైల ఇప్పుడెక్కడిది?"

"ఆడు మొగోడు. ఆడికీ నీకూ పోలికేటి?"

గురమ్మ హేమ వైపు చూసింది. హేమ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పోయిన నెల శ్రీకాకుళం ఆసుపత్రిలో, ఆ మాత్రలిచ్చే వరసలోనే, ఈ పిల్ల నిలబడి ఉంది. గురమ్మను చూడగానే కొంగు ముఖానికి లాక్కుని, ఉత్త చేతులతో వెళ్లిపోయింది. హేమ మొగుడిదీ గుజరాత్ బోట్ల బతుకే.

ఒక్క మాటంటే చాలు, ఎర్రన్న నోరు మూతపడుతుంది. ఆ మాట గురమ్మ గొంతుదాకా వచ్చింది. వీధిలో డప్పులు దగ్గరవుతున్నాయి. హేమ కొంగు మళ్లీ ముఖానికి లాక్కుంది.

డప్పులవాళ్లను పిలవడానికి ఎర్రన్న అటు తిరిగాడు. గురమ్మ లేచి, ఘటం ఎత్తి, తనే హేమ నెత్తిన పెట్టింది. సర్దుతున్నట్టు దగ్గరకు జరిగింది.

"మాత్రలు మానకు. మానీసినావంటే మీ సిన్నమావలాగ పోతావు."

"ఎలాగెల్లను సిన్నత్తా? టౌనుకెందుకని అడుగుతారు."

"సేపలమ్మడానికెల్తే ఎవులూ అడగరే."

ఘటం గుడికి చేరింది. పండుగ ఏ లోటూ లేకుండా జరిగిందని అందరూ అన్నారు. రేపటి నుంచి రేవులో గురమ్మకు ఎవరూ చేపలివ్వకూడదని కూడా ఆ సాయంత్రమే అనుకున్నారు.

సాలూరులో ఆమె చెల్లెలు లారీవాళ్ల హోటల్లో వంటచేస్తుంది. మర్నాడు తొలి బస్సుకి గురమ్మ ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్లిపోయింది.

ఆ పొద్దున్నే, అత్తింట్లో ఎవరూ లేవకముందే హేమ తలుపు తీసింది. అరుగు మీద గురమ్మ చేపల గంప బోర్లించి ఉంది. అప్పుడే కడిగినట్టుంది, అల్లికల్లోంచి నీళ్లు ఇంకా చుక్కచుక్కగా కారుతున్నాయి.